నాన్నగారి టర్న్‌టేబుల్ గుంయ్‌మంటోంది, వదిలించుకోవాలా?

ప్రశ్న: నాన్నగారు రికార్డులు వినడానికి వాడిన టర్న్‌టేబుల్‌ని చాలా ఏళ్ల తర్వాత అటక మీంచి దించి మా స్టీరియోకి కలిపాను. మొదట స్టీరియోకి ఉన్న ఆక్స్ అనే సాకెట్‌లో పెడితే పాట ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టు సన్నగా వినిపించింది. తెలిసినవాళ్లు చెప్తే చిన్న ఫోనో ప్రీయాంప్ డబ్బా కొని మధ్యలో పెట్టాను. ఇప్పుడు పాట గట్టిగానే వస్తోంది కానీ వెనక ఎప్పుడూ గుంయ్‌మని మోత. చెయ్యి టోన్‌ఆర్మ్ (చివర ముల్లు ఉండే పొడవాటి గొట్టం) దగ్గరికి తీసుకెళ్తే అది ఇంకా పెరుగుతుంది. ఎడమ స్పీకర్ ఉన్నట్టుండి ఆగిపోయి కాసేపటికి దానంతటదే వస్తుంది. రికార్డు చివరి పాటల్లో ‘స’, ‘ష’ అక్షరాలు చీరుకుపోయినట్టు వినిపిస్తున్నాయి. రికార్డులు అరిగిపోయాయి, ఇక దాన్ని వదిలించుకో అంటున్నారు ఇంట్లో. నిజంగా పనికిరాదా?

సమాధానం: తొందరపడి వదిలించుకోకండమ్మా. మీరు రాసినవాటిలో టర్న్‌టేబుల్ పని అయిపోయిందని చెప్పే లక్షణం ఒక్కటీ లేదు. పైగా మీరు ఇంత గమనించి రాయడం వల్ల నా పని తేలికైంది. ‘సౌండ్ బాగాలేదు’ అని ఒక్క ముక్కలో రాసి ఉంటే నేను ఊహించి చెప్పాల్సి వచ్చేది. పాట సన్నగా రావడం వేరు, మోత వేరు, ఒక పక్క ఆగిపోవడం వేరు, చివరి పాటలు చీరుకుపోవడం వేరు. నాలుగింటికీ వేరువేరు కారణాలు ఉంటాయి. మొదటిదాన్ని మీరే సరిచేసేశారు.

మిగతావి చూసేముందు ఒక జాగ్రత్త. ముల్లు సంగతి తేలేదాకా నాన్నగారికి ప్రాణమైన రికార్డులు పెట్టకండి. పోయినా ఫర్వాలేదనుకునే రికార్డు ఒకటి పక్కన పెట్టుకుని పరీక్షలన్నీ దానిమీదే చెయ్యండి. మోత వల్ల రికార్డుకి ఏమీ కాదు, స్పీకర్ ఆగిపోతే కూడా ఏమీ కాదు. అరిగిన ముల్లు మాత్రం గాడిని గీకేస్తుంది. ఆ గీత ఇక పూడదు.

ఆక్స్‌లో పెట్టినప్పుడు పాట ఎందుకంత సన్నగా వచ్చిందో తెలిస్తే మోత ఎక్కణ్నుంచి వస్తోందో కూడా అర్థమవుతుంది, అందుకే దాని గురించి కాస్త చెప్తాను. ముల్లు గాడిలో అటూ ఇటూ ఊగుతుంటే ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా, అంటే కార్ట్రిడ్జ్‌లోని చిన్న అయస్కాంతం తీగచుట్టల దగ్గర కదులుతుంది. పాట కరెంటుగా మారేది అక్కడే. ఎక్కువ ఇళ్లలో ఉండే మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్‌లో ఆ కరెంటు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ రకమైతే అందులో పదోవంతు కూడా ఉండకపోవచ్చు. అదే సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది. ఆక్స్ అలాంటివాటి కోసం పెట్టింది. కాబట్టి టర్న్‌టేబుల్‌ని నేరుగా అక్కడ పెడితే వాల్యూమ్ ఎంత తిప్పినా పాట గొంతు పెగలదు.

గట్టితనం ఒక్కటే కాదు. రికార్డు చేసేటప్పుడే బేస్‌ని బాగా తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి గాడి కోస్తారు. బేస్‌ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ వెడల్పుగా ఊగి పక్క గాడి మీదికి వెళ్లిపోతుంది, ఒక పక్కన నాలుగు పాటలు పట్టవు. ట్రెబుల్‌ని పెంచడం రికార్డు మీది చిరచిరలో పాట మునిగిపోకుండా ఉండటానికి. 1954 తర్వాత అందరూ ఆర్‌ఐఏఏ అనే ఒకే కొలతకి వచ్చారు. దాని ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర స్వరం దాదాపు 10 రెట్లు తగ్గుతుంది, 20,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు 10 రెట్లు పెరుగుతుంది. వినేటప్పుడు దీన్ని సరిగ్గా తిరగెయ్యాలి. ఆ పని ఫోనో ప్రీయాంప్ చేస్తుంది. ఆక్స్‌కి అది తెలియదు. అందుకే మీకు బేస్ లేకుండా, గీసుకుపోతున్నట్టు వినిపించింది. మీరు చేసింది సరైన పనే.

ఒక్కటి చూసుకోండి. కొన్ని టర్న్‌టేబుళ్లలో ప్రీయాంప్ లోపలే ఉంటుంది, వెనక ఫోనో, లైన్ అని స్విచ్ ఉంటుంది. అది లైన్ మీద ఉండగా బయట ఇంకో ప్రీయాంప్ పెడితే పాట రెండుసార్లు పెరిగి, బేస్ ముద్దగా మారి బద్దలవుతున్నట్టు వస్తుంది. మీది అలా వస్తున్నట్టు రాయలేదు కాబట్టి ఆ గొడవ లేదనుకుంటున్నాను. అయినా వెనక ఒకసారి చూడండి, స్విచ్ ఉంటే ఫోనో మీద పెట్టండి.

ఇప్పుడు మోత దగ్గరికి వద్దాం. మూవింగ్ మాగ్నెట్‌కి పెట్టే ప్రీయాంప్ పాటని సుమారు 100 రెట్లు పెంచుతుంది. బేస్‌ని అంతకన్నా ఎక్కువ పెంచాలి కదా, తగ్గించిందాన్ని తిరిగి నింపాలి కాబట్టి. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌లో ఊగుతుంది, కొన్ని దేశాల్లో 60. ఆర్‌ఐఏఏ లెక్కన 50 హెర్ట్జ్ దగ్గర మామూలు పెంపు మీద మరో 7 రెట్లు పెరుగుతుంది. అంటే గోడలోని వైర్ల నుంచీ అడాప్టర్ల నుంచీ ఆ సన్నటి తీగల్లోకి చొరబడ్డ మోత మొత్తం మీద 700 రెట్లు పెరిగి స్పీకర్‌లోంచి బయటికొస్తోందన్నమాట. సీడీ విన్నప్పుడు లేని మోత రికార్డు పెట్టగానే రావడానికి కారణం ఇదే. స్టీరియో పాడైందని కంగారు పడక్కర్లేదు.

ఆ మోతని అడ్డుకోవడానికే గ్రౌండ్ వైరు పెట్టారు. టర్న్‌టేబుల్ వెనకనుంచి ఎరుపు, తెలుపు వైర్లతోపాటు మూడోది ఒకటి వస్తుంది చూడండి. సన్నగా ఉంటుంది, చివర చిన్న కొక్కెంలాంటి రేకు ఉంటుంది. మీ స్టీరియోకి ఫోనో లేదు కాబట్టి మొదటిసారి కలిపినప్పుడు దాన్ని తగిలించడానికి చోటు దొరికి ఉండదు. తర్వాత ప్రీయాంప్ పెట్టినప్పుడు ఎరుపు, తెలుపు మార్చి దీన్ని మర్చిపోయి ఉంటారు. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే మోత పెరుగుతోందని రాశారే, దాన్నిబట్టే నా అనుమానం అంతా దీనిమీదికి పోయింది. ప్రీయాంప్ వెనక జీఎన్‌డీ అని రాసి చిన్న మర ఉంటుంది. అన్నీ ఆఫ్ చేసి, ఆ మర వదులు చేసి, రేకుని కిందికి దూర్చి బిగించండి. రేకు మీద నల్లటి తుప్పు పట్టి ఉంటే గుడ్డతో మెరిసేదాకా తుడిచి మరీ బిగించండి. మరని నామమాత్రంగా తిప్పి వదిలెయ్యకూడదు, లాగితే రాకూడదు.

దీన్ని ఇంటి ఎర్త్ అనుకుని ప్లగ్గు రంధ్రంలో దూర్చేవాళ్లున్నారు. ఆ పని చెయ్యకండమ్మా, ప్రాణం మీదికి వస్తుంది. ఈ వైరు పని టర్న్‌టేబుల్ లోహాన్ని ప్రీయాంప్ లోహంతో కలపడం, అంతే. గోడతో దానికి సంబంధం లేదు.

మూడో వైరు అసలు లేకపోతే కూడా భయపడక్కర్లేదు. కొన్నిట్లో లోపలే కలిపేస్తారు. ఎప్పుడైనా దాన్ని తగిలిస్తే మోత తగ్గడానికి బదులు పెరగొచ్చు కూడా, అంటే అప్పటికే ఇంకో దారిలో కలిసి ఉందన్నమాట. అప్పుడు తీసేసి వదిలెయ్యండి. చెవి ఏం చెప్తే అదే లెక్క.

బిగించాక కూడా కొంచెం మోత మిగిలితే మోటారు ఆపి, రికార్డు తీసేసి, వాల్యూమ్ మామూలుగా ఉంచి, టోన్‌ఆర్మ్‌ని చేత్తో మెల్లిగా పళ్లెం మధ్యదాకా గాల్లోనే జరపండి. చోటునిబట్టి మోత మారుతుంటే పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పంపిస్తోంది. స్టీరియో లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి టర్న్‌టేబుల్‌ని దాని నెత్తిన పెట్టకూడదు, పక్కన పెట్టినా కార్ట్రిడ్జ్ దానికి దూరంగా ఉండాలి. ప్రీయాంప్ అడాప్టర్‌ని కూడా పాట వైర్లకి ఎడంగా పెట్టండి. కరెంటు వైరూ పాట వైరూ కలిపి కట్టి ఉంటే విప్పెయ్యండి. తప్పనిసరిగా ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే ప్లస్ గుర్తులా దాటనివ్వండి. మోత ఆర్మ్ జరిపినా మారకుండా, సీడీ మీదికి మార్చినా పోకుండా ఉంటే, టీవీ నుంచి స్టీరియోకి వైరు ఉందేమో చూసి దాన్ని ఒక్కసారి పీకి వినండి. టీవీ కేబుల్ దారిన వచ్చే మోత ఇలాగే ఉంటుంది.

ఎడమ స్పీకర్ విషయంలో నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి ఒక్కటే: ఒకసారికి ఒక్కచోట మాత్రమే మార్చడం. మీ ఇంట్లో పాట వెళ్లే దారి ముల్లు, కార్ట్రిడ్జ్, హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్‌ని పట్టుకునే ముక్క), ఆర్మ్ లోపలి తీగలు, వైరు, ప్రీయాంప్, ఇంకో వైరు, స్టీరియో, స్పీకర్. ఇందులో ఎక్కడ తెగినా మీకు వినిపించేది ఒకేలా ఉంటుంది. చివరినుంచి వెనక్కి రండి. స్టీరియో ఆఫ్ చేసి, ఆక్స్ దగ్గర ఎరుపు, తెలుపు పిన్నుల్ని అటూ ఇటూ మార్చి పెట్టండి. ఆన్‌లో ఉండగా వైర్లు పీకితే ధబ్‌మని వచ్చే దెబ్బకి స్పీకర్లు పోవచ్చు, అందుకని ప్రతిసారీ ఆఫ్ చెయ్యాల్సిందే. ఇక వింటూ కూర్చోండి. మీది అప్పుడప్పుడు ఆగే రోగం కాబట్టి అది మళ్లీ వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఈసారి కుడి స్పీకర్ ఆగిందంటే తప్పు స్టీరియోకి ఇవతల, అంటే ప్రీయాంప్ వైపో టర్న్‌టేబుల్ వైపో ఉంది. మళ్లీ ఎడమే ఆగితే స్టీరియోనో స్పీకర్ వైరో చూడాలి. మొదటిదైతే పిన్నుల్ని యథాస్థానంలో పెట్టేసి, ఇదే పని ప్రీయాంప్‌లోకి వచ్చే వైపు చెయ్యండి. అక్కడ కూడా నిశ్శబ్దం పక్క మారిందంటే తప్పు టర్న్‌టేబుల్‌లోనే అని తేలిపోతుంది.

ఏళ్ల తరబడి అటక మీదున్న టర్న్‌టేబుల్‌లో నేనైతే అన్నిటికన్నా ముందు హెడ్‌షెల్ చూస్తాను. నాకూ ఇలాగే జరిగింది. కుడిపక్క పాట ఆగి ఆగి వస్తోందని చూపిస్తే స్టీరియో మార్చాల్సిందే అన్నారు. ఒప్పుకోబుద్ధి కాక ఇంటికి తెచ్చి హెడ్‌షెల్ విప్పి దీపం కింద పెట్టాను. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు తీగలు, వెంట్రుకల కన్నా కాస్త లావు. తెలుపు, నీలం ఎడమ పక్కవి, ఎరుపు, ఆకుపచ్చ కుడి పక్కవి. ఒక్కో తీగ చివర ఇత్తడి గొట్టంలాంటి చిన్న క్లిప్ ఉంటుంది, అది కార్ట్రిడ్జ్ పిన్నుకి తొడుగులా పట్టుకోవాలి. ఆకుపచ్చది పట్టుకున్నట్టే కనిపించింది కానీ పట్టకారుతో తాకితే పిన్ను మీద వదులుగా గుండ్రంగా తిరిగింది. బయటికి లాగి, క్లిప్‌ని పట్టకారుతో రవ్వంత నొక్కి మళ్లీ తొడిగాను. అంతే, ఆ స్టీరియో ఇప్పటికీ పాడుతోంది.

మీది ఊడే రకం హెడ్‌షెల్ అయితే ఆర్మ్ చివర ఉన్న ఉంగరంలాంటి బిగింపుని తిప్పితే బయటికి వస్తుంది. దాని వెనక నాలుగు చుక్కల్లాంటి పిన్నులు ఉంటాయి. మకిలి పట్టి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి తిరిగి బిగించండి. చాలాసార్లు ఇక్కడితోనే తీరిపోతుంది. తీగల జోలికి వెళ్లాల్సి వస్తే ఎడమవైపు రెండూ చూడండి, ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తెలుపు, నీలం తారుమారైతే పాట ఆగదు కానీ బేస్ పోయి, మధ్యలో నిలబడాల్సిన గొంతు గదంతా చెదిరిపోతుంది. అప్పుడు కారణం వెతకడం ఇంకా కష్టం. కార్ట్రిడ్జ్ పిన్నుల మీద సోల్డరింగ్ మాత్రం ఎవరు చెప్పినా వద్దనండి, వేడికి లోపలి తీగచుట్ట తెగిపోతుంది. ఎరుపు, తెలుపు పిన్నులు దూరే చోట్లు వదులుగా ఉంటే వాటినీ బిగుతుగా దూర్చండి.

ఇక ‘స’, ‘ష’ చీరుకుపోవడం. చివరి పాటల్లోనే అని మీరు గమనించారు చూడండి, అసలు గుట్టు అందులోనే ఉంది. రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది. మధ్యకి వచ్చేసరికి చుట్టు చిన్నదైపోయి 20 సెంటీమీటర్లకి పడిపోతుంది. అదే ‘స’ అక్షరం సగంకన్నా తక్కువ చోట్లో ఇరుక్కుపోవాలి. గాడి వంపులు అంత నిశితంగా ఉన్నచోట మురికి పట్టిన ముల్లు గానీ, అరిగిన ముల్లు గానీ, సరైన బరువుతో ఆనని ముల్లు గానీ ఆ వంపుల్ని అందుకోలేదు. మొదటి పాటల్లో ఇదే ముల్లు నెట్టుకొచ్చేస్తుంది కాబట్టి తేడా తెలియదు.

భూతద్దం పెట్టి ముల్లు చూడండి. ఎక్కువసార్లు కనిపించేది బూడిదరంగు దూది ఉండ, రికార్డు దుమ్మంతా దారంలా చుట్టుకుని ముల్లు కొసని మింగేసి ఉంటుంది. మెత్తటి చిన్న బ్రష్‌తో వెనకనుంచి ముందుకి, అంటే రికార్డు తిరిగే దిశలోనే తుడవండి. పక్కలకి తుడిస్తే ముల్లుని మోసే సన్నటి కడ్డీ వంగిపోతుంది. వేలితో అస్సలు ముట్టుకోవద్దు.

తర్వాత బరువు. ఆర్మ్ వెనక తిరిగే బరువుని ముందు ఆర్మ్ గాల్లో త్రాసులా నిలబడేదాకా సరిచెయ్యాలి, అప్పుడు అంకెల చక్రాన్ని సున్నా మీదికి తెచ్చి, అక్కణ్నుంచి కార్ట్రిడ్జ్‌కి చెప్పినంత పెట్టాలి. చాలావాటికి అది ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల మధ్య ఉంటుంది, మీ కార్ట్రిడ్జ్ పేరుతో వెతికితే సరైన అంకె దొరుకుతుంది. రికార్డుకి మంచిదని మరీ తేలిగ్గా పెట్టేవాళ్లున్నారు. నా అభిప్రాయంలో అది పొరపాటు. తేలికైన ముల్లు వంపుల్లో ఎగిరిపడి గోడల్ని కొడుతుంది, అరుగుదల దానివల్లే ఎక్కువ. హెడ్‌షెల్ మీద నాణెం పెట్టడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వద్దు. ఆర్మ్ మధ్యవైపు లాక్కుపోకుండా ఆపే యాంటీస్కేటింగ్ అనే చక్రం ఉంటే దాన్ని కూడా అదే అంకె మీద పెట్టి మొదలుపెట్టండి.

ఇదంతా చేశాక కూడా చీరుకుపోతుంటే కొత్త ముల్లు కొనండి. నిజం చెప్పాలంటే మీ విషయంలో అది ఎలాగూ కొనాల్సిందే అనుకుంటున్నాను. వజ్రపు ముల్లు మామూలుగా 500 నుంచి 1000 గంటలు పనిచేస్తుంది. ఒక పక్క 20 నిమిషాలనుకుంటే 500 గంటలంటే 1500 పక్కలు. నాన్నగారు దానిమీద ఎన్ని విన్నారో మీకు లెక్క ఉండదు. వినకపోయినా, ఆ కడ్డీని పట్టి ఉంచే రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడిపోతుంది. మూవింగ్ మాగ్నెట్ అయితే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చక్కర్లేదు, ముల్లు ఉన్న ముక్క ఒక్కటే ముందుకి లాగితే వస్తుంది, కొత్తది దూర్చెయ్యొచ్చు. బెల్టుతో తిరిగేదైతే బెల్టు కూడా చూడండి, సాగిపోతే పాట వేగం తగ్గి స్వరం కిందికి జారుతుంది. పెట్టెలో 78 రికార్డులు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపువి) ఉన్నాయంటే వాటిని ఈ ముల్లుతో పెట్టకండి. వాటి గాడి చాలా వెడల్పు, దానికి సుమారు నాలుగు రెట్లు లావు ముల్లు వేరే దొరుకుతుంది.

స్పీకర్లూ టర్న్‌టేబుల్ ఒకే బల్ల మీద ఉంటే ఇప్పుడే విడదీయండి. స్పీకర్ అదురు బల్లలోంచి ముల్లుకి ఎక్కి, మళ్లీ స్పీకర్‌లోకి వచ్చి, వాల్యూమ్ పెంచిన కొద్దీ ఊళ పెడుతుంది.

మీ ఇంట్లోవాళ్లు రికార్డులు అరిగాయంటున్నారు కదా, దాన్ని తేల్చేది కూడా కొత్త ముల్లే. అది పెట్టాక ఆ పరీక్ష రికార్డులో చివరి పాట వినండి, తర్వాత ఇంకో రెండు రికార్డుల్లో కూడా చివరివే వినండి. ఒక్కదాంట్లోనే చీరుకుపోతుంటే అరిగింది ఆ ఒక్కటే. మూడింట్లోనూ అలాగే వస్తే రికార్డుల్ని అనకండి, కార్ట్రిడ్జ్ హెడ్‌షెల్‌లో వంకరగా బిగించి ఉందేమో ముందునుంచి, పైనుంచి చూడండి. అప్పటికీ తేలకపోతే టర్న్‌టేబుల్ మోడల్, కార్ట్రిడ్జ్ పేరు, పిన్నులు మార్చినప్పుడు ఏ స్పీకర్ ఆగిందో ఈ మూడూ రాసి పంపండి, అక్కణ్నుంచి కలిసి వెతుకుదాం.